రెండుసార్లు లాగిన తాడు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని ఏడిపించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. మిషను బడిలో నాలుగు ముక్కలు నేర్చుకున్నవాణ్ణి, ఆపైన నోటి దురుసు. కాబట్టి ఇది చదివి నవ్వేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల చోట నేనుంటే నేనూ నవ్వేవాణ్ణే.

అప్పట్లో మా యాకోబు బావా నేనూ కోరంగి దగ్గర పనిచేసేవాళ్లం. మా అక్క మొగుడాయన. పాత ఉప్పెనలో మునిగిపోయిన రేవు ఒకటి అక్కడ నీటి అడుగున ఉంది. రాతి గోడ, మెట్లు, ఓడల్ని కట్టేసే ఇనుప కడియాలు అన్నీ అలాగే ఉన్నాయి. పడవల అడుగులు చీలుస్తున్నాయని ఆ రాళ్లు తీయించే పని పెట్టారు. బావ నీళ్లలో మునిగి, ఏ రాయి కదులుతుందో చేత్తో తడిమి చూసి రావాలి. ఆయన నడుముకి కట్టిన తాడు కొస పైన పడవలో నా చేతిలో ఉండాలి. రెండుసార్లు లాగితే పైకి తీయమని అర్థం. ఏం జరిగినా సరే, రెండుసార్లు లాగిన తాడు వదలకూడదు. మా పనిలో అది ఒట్టు లాంటిది.

నడుముకి ఎప్పుడూ జారుముడే వేస్తారు. తాడు ఎక్కడైనా చిక్కుకుంటే ఒక్క గుంజుతో ఊడిపోవాలి కదా. ఆ వేళ నేను పీటముడి వేశాను. అక్కకి ఎనిమిదో నెల. "తాడు గట్టిగా కట్టరా తమ్ముడూ" అని గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది. గట్టిగానే కట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మిట్టమధ్యాహ్నం. బావ మునిగాడు. వంద లెక్కపెట్టేలోపు పైకి వచ్చేసే మనిషి. వంద దాటింది. తాడు లాగితే బండకి కట్టినట్టు బిగిసిపోయింది. పడవ నడిపే సరంగు గురవయ్యగారూ, ఇంకో ఇద్దరూ నాతో కలిసి లాగారు. రాలేదు. రాళ్ల సందులో ఇరుక్కుందని తెలిసిపోయింది. తడిసిన పీటముడి ఒడ్డున కూర్చున్నవాడికే ఊడదు, అడుగున చీకట్లో ఆయనకేం ఊడుతుంది? నా చేతులతో నేనే చంపేశాను అనుకున్నాను. ప్రభువా, ప్రభువా అని ఏడ్చాను. ఈత అంతంతమాత్రం అయినా దూకబోయాను. గురవయ్యగారు నా జుట్టు పట్టుకుని ఆపారు.

అంతలో పడవకి అవతలి పక్కన బావ తేలాడు. నడుముకి తాడు లేదు. పైకి లాగి పడుకోబెట్టాం. ఎగరొప్పుతున్నాడు, మాట రావడం లేదు.

తాడు ఇంకా నా చేతికి చుట్టే ఉంది. అది కదిలింది. ఒకటి, రెండు. కాసేపు ఆగి మళ్లీ ఒకటి, రెండు.

అల అలా లాగదు. నలుగురం చూశాం.

"కొయ్యి బాబూ! కోసెయ్యి!" అని గురవయ్యగారు అరిచారు. ఆయన అంతగా భయపడటం నేనెప్పుడూ చూడలేదు. కత్తి తీసి కోసేశాను. తాడు నీళ్లలోకి జారిపోయింది.

ఊపిరి అందగానే బావ అడిగిన మొదటి మాట, "ఆయన్ని తీశారా?"

"ఎవర్ని బావా?"

"ముడి ఊడదీసినాయన్ని రా. నా చెయ్యి పట్టుకెళ్లి మెట్ల మీద పెట్టాడు. తాడు ఆయన చేతికే ఇచ్చొచ్చాను. లాగితే తియ్యండి."

నేను కత్తి వెనక్కి దాచుకున్నాను.

తర్వాత చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి అడిగాను. ఎవరూ తప్పిపోలేదు, ఏ శవమూ తేలలేదు. ఊపిరాడక బావకి భ్రమ కలిగిందన్నాడు పని చూసే దొర. సరే, మరి ముడి ఎలా ఊడింది? తాడు లాగింది చేప అన్నారు. చేపకి మా గుర్తులు ఎవరు నేర్పారు?

అక్కకి కొడుకు పుట్టాడు. వాడికిప్పుడు మీసాలొచ్చాయి. బావ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, కోసింది నేనని నేనూ చెప్పలేదు.

అది దెయ్యమని ఒప్పుకుంటే నాకు కాస్త నిద్ర పడుతుందేమో. కానీ దెయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. అక్కడ ఉన్నది ఎవరో నాకు తెలియదు. మనిషే అయితే మాత్రం, మా బావని నాకు తిరిగిచ్చి, తననీ పైకి తీయమని అడిగాడు. నేను తాడు కోశాను.