గేటు పెద్దబాపు శనివారాలు

గేటు పెద్దబాపు పోయాడని పోయిన నెల మా తమ్ముడు ఫోన్ చేశాడు. సూరత్ దగ్గరి కిమ్ ఊళ్ళో, మా ఇంట్లో పప్పుకు తాలింపు వేస్తున్నాను. మనిషన్నవాళ్ళు అలాంటప్పుడు అయ్యో అంటారు. నా నోటి నుంచి ముందుగా వచ్చిన మాట ఇది: "పోయేముంగట ఏమన్న చెప్పిండా?"

"ఏం చెప్తడక్కా? నిద్రల్నే పోయిండు," అన్నాడు తమ్ముడు.

ఆ మాట కూడా వెంటనే నమ్మలేదు నేను. నా సంగతి ముందే చెబుతున్నాను, నాది అనుమానపు బుద్ధి. పాలవాడి కొలత నమ్మను. తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాను. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వీళ్ళకేం తెలిసిందో అని గుండె గుబేల్మంటుంది. ఇదంతా పెద్దబాపు గదిలో ఒక శనివారం మొదలైంది.

ఆయన మాకు చుట్టం కాదు. సూరత్‌లో లింబాయత్ దగ్గర మా వరుస గదుల్లో అందరూ కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మగ్గాల పనివాళ్ళే. పెద్దబాపు మాత్రం కార్ఖానా గేటు దగ్గర పనిచేసేవాడు. పని దిగి వెళ్ళేవాళ్ళ జేబులు, టిఫిన్ డబ్బాలు తడిమి చూడటం ఆయన ఉద్యోగం. మా వరుసలో కలర్ టీవీ ఉన్నది కూడా ఆయన గదిలోనే. మాది మధ్యాహ్నపు బడి కావడంతో, శనివారం పొద్దున కార్టూన్లకు అరడజను మందిమి అక్కడ చేరేవాళ్ళం.

పక్క గదుల్లో రాత్రి పాలి, అంటే నైట్ షిఫ్టు, చేసి వచ్చినవాళ్ళు పడుకుని ఉంటారు కనుక టీవీ సౌండు పూర్తిగా తీసేసేవాడు. "కండ్లున్నయి గద, సూడున్రి. మాటలు మీరే అనుకోన్రి," అనేవాడు. ఎవరి కథ వాళ్ళం అల్లుకునేవాళ్ళం. ఆ పిల్లి ఎలుకను నిజంగా ఏమని తిట్టేదో నాకిప్పటికీ తెలియదు.

అందరి చేతుల్లో శ్రీఖండ్ డబ్బాలుండేవి, తిని కడిగినవి. వాటి నిండా చిప్స్ ప్యాకెట్లలో వచ్చే ప్లాస్టిక్ బొమ్మలు. పెద్దబాపు గుమ్మం దగ్గరే డబ్బాలు తెరిపించి చూసేవాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు వరుసగా నిలబెట్టి, చేతులు చాపమని, గేటు దగ్గర పనివాళ్ళను తడిమినట్టే తడిమేవాడు. "ఇది అనుమానం గాదు బిడ్డా, డ్యూటీ," అనేవాడు. మాకు అదే పెద్ద ఆట, కార్టూన్ల కంటే బాగుండేది.

పక్కింటి పిల్లవాడి దగ్గర నీలం రంగు ఒంటె ఉండేది. మా మొత్తంలో అలాంటిది ఒక్కటే. నేనెన్ని ప్యాకెట్లు కొనిపించుకున్నా నాకు ఏనుగులే వచ్చేవి, ఛీ! ఒక శనివారం అందరూ టీవీ చూస్తుంటే దాన్ని తీసి, మడిచి కట్టిన నా జడలో, రిబ్బను కింద దోపుకున్నాను. ఇంటికి వెళ్ళేటప్పటి తలాశీలో పెద్దబాపు చేయి భుజాల మీద నుంచి జడ మీదికొచ్చి ఆగింది. ఆయన నా వైపు చూశాడు.

"పో బిడ్డా," అన్నాడు.

సాయంత్రం ఒంటె కనబడలేదని ఆ పిల్లవాడి నాయన, "కొనిపెడితే పారేస్తవా" అని వాణ్ణి కొట్టి, బొమ్మల డబ్బా మొత్తం ఖాడీలో విసిరేశాడు. మురికినీళ్ళ కాలువ అది, దిగి తెచ్చుకునేందుకు లేదు. వాడు మళ్ళీ కార్టూన్లకు రాలేదు. ఆ ఒంటెతో నేను ఒక్కసారి కూడా ఆడుకోలేదు. నాలుగో రోజున దాన్ని కూడా ఖాడీలోనే పడేశాను.

అప్పటి నుంచి పెద్దబాపు ఏం చేసినా నాకు అనుమానమే. ఒక బిస్కట్టు ఎక్కువ పెడితే, ఎందుకు పెట్టినట్టు? డుమస్ బీచికి అందరినీ తీసుకెళ్ళి టమాటా భజియాలు కొనిపెట్టినప్పుడు నన్నే పక్కన కూర్చోబెట్టుకున్నాడు, ఎందుకు? నా పెళ్ళిలో మా అత్తగారితో, "ఈ పిల్ల నాకు మంచిగ ఎరుక," అంటే నాకు చెమటలు పట్టాయి. ఎంత మంచి మనిషి! ఆయన ప్రేమను ఒక్కరోజు కూడా ప్రేమగా తీసుకోలేకపోయాను.

దినాల రోజు లింబాయత్ వెళ్ళాను. ఆయన భార్య పెద్దమ్మ పక్కన కూర్చుని మెల్లగా కూపీ లాగాను. "పెద్దబాపు గేటు కాడ మస్తు మందిని పట్టిండట గద?"

"ఏం పట్టుడు బిడ్డా," అంది పెద్దమ్మ. "గేటుకు రాకముందు రంగుల మిల్లుల చేసి చేసి ఆయన వేళ్ళకు సోయి పోయింది. చాయ్ గిలాస కాలుతున్నా తెల్వకపోవు. సేఠుకు తెలిస్తే నౌకరీ పోతదని ఎవ్వలకు చెప్పలే."

సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయనకు తెలియనే తెలియదన్నమాట!

"మరి దొంగలు ఎట్ల దొరికెటోళ్ళు?"

"మొఖం సూసి. చెయ్యి పెట్టంగనే ఊపిరి బిగబడ్తరట. మొదటిపారైతే ఇడిసిపెట్టేటోడు. వానంతట వాడే తెచ్చి ఆడ పెడ్తడే అనేటోడు. చాన మంది తెచ్చి పెట్టిన్రు గూడ."

నేను పెట్టలేదు. ఆ తర్వాత అన్ని శనివారాలు, ఒంటెను తెచ్చానేమోనని ఆయన గుమ్మం దగ్గర నా డబ్బా తెరిచి చూసి, ఏమీ అనకుండా మూత పెట్టి ఇచ్చాడు. ఏడుపు ఆగలేదు నాకు. పెద్దమ్మ ఆయన కోసమే అనుకుని వీపు నిమిరింది.

పక్కింటి పిల్లవాడు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. బయట షామియానా కింద విస్తళ్ళు వేస్తున్నాడు. వెళ్ళి ఒంటె సంగతి చెప్పేశాను. వాడు చేతిలోని విస్తళ్ళు బల్ల మీద పెట్టాడు.

"నాకెందుకు చెప్తున్నవ్? మా బాపుకు చెప్పు. నేనే పారేసిన్నని గిప్పటికీ అంటడు."

వాళ్ళ నాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాను. నలభై ఏళ్ళు మగ్గాల చప్పుడులో పనిచేసిన చెవులు. "ఏందీ? గట్టిగ చెప్పు బిడ్డా, ఇనవడ్తలే," అన్నాడు.

షామియానా కింద అందరూ మాటలాపి ఇటు తిరిగారు. నేను గొంతు పెంచి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.