నారింజ రంగు అంచు

మా ఇంట్లో నేసే గద్వాల చీరల కోసం నేనే పీహెచ్‌పీ అనే కోడింగ్ భాషలో ఒక వెబ్ పేజీ రాశాను. పొద్దున్నే ల్యాప్‌టాప్‌లో తెరిచి అమ్మకు చూపిస్తే, చీరల ఫొటోలకు పైనొకటి కిందొకటి నారింజ రంగు పట్టీలు కనిపించాయి. రెండూ కోడ్‌లో తప్పుందని చెప్పే వార్నింగులే. చూసేవాళ్లు చీర రంగు ఎంచుకోకపోతే రంగు అనే వేరియబుల్‌కు విలువే ఉండదు. విలువ లేని ఆ పేరును నా కోడ్ రెండు చోట్ల వాడుతోంది. అమ్మ ఒకసారి చూసి మగ్గం దగ్గరికి వెళ్లిపోయింది.

వార్నింగులు కనబడకుండా ఆపేస్తే సరిపోతుందని ఫోన్‌లో ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. నాకు ఒళ్లు మండింది. తప్పును అక్కడే ఉంచి దాని నోరు నొక్కడమేమిటి? పట్టుబట్టి కూర్చుని సరిచేశాను. ఎవరూ రంగు చెప్పకపోతే అన్ని రంగుల చీరలూ చూపించమని రాశాను. పట్టీలు మాయమయ్యాయి. గర్వంగా అమ్మను పిలిచాను.

"ఏందే, పొద్దున మంచిగుండె గద అంచు! ఎందుకు తీసేసినవ్?"

"అది అంచు కాదమ్మా, నా తప్పులు."

"ఏదైతేంది? అంచు లేకుంటే మన చీరల పేజీ అని ఎట్ల తెలుస్తది?"

నవ్వు ఆగలేదు. అదే నారింజ రంగుతో పైనా కిందా ఈసారి నిజంగానే అంచు పెట్టాను. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని పేజీ మొత్తం చూసింది.

"అంచైతే వచ్చింది. మరి కొంగేది?"