బావ సేవ్ చేయని మార్పు

మా బావ ఆసుపత్రిలో నెట్‌వర్క్ చూసేవాడు. రోగుల్ని డాక్టర్లు చూసుకుంటే, డాక్టర్ల కంప్యూటర్లను ఆయన చూసుకునేవాడన్నమాట. మెట్ల కింద ఓ ఇరుకు గది, అందులో ఇనుప బీరువా, బీరువాలో కంప్యూటర్ల తీగలన్నిటినీ కలిపే పెట్టె, పచ్చదీపాలు మిణుకుమనే స్విచ్. మొదటిసారి చూసినప్పుడు “ఇది నొక్కితే ఏ ఫ్యాను తిరుగుతుంది బావా?” అని అడిగాను. ఆ తర్వాత ప్రతి పెళ్లిలోనూ ఆ మాట నలుగురి ముందూ నాకే అప్పజెప్పేవాడు.

ఆ స్విచ్‌లో ఒక్కో తీగ దూర్చడానికి ఒక్కో రంధ్రం, అదే పోర్టు. ఆ పోర్టులను వీలాన్‌లనే గుంపులుగా విడదీస్తారు. బిల్లు కౌంటర్లు ఒక గుంపు, వార్డు కెమెరాలు ఇంకో గుంపు. ఒకే పెట్టెలో పక్కపక్కనే ఉన్నా ఒకరి మొహం ఒకరు చూసుకోరు, అచ్చం మా మేనత్తల్లాగే.

బావకో అలవాటు. స్విచ్‌లో ఏ మార్పు చేసినా వెంటనే సేవ్ చేయడు. సేవ్ చేయని మార్పు కరెంటు ఉన్నంతసేపే. పోయి వచ్చిందా, స్విచ్ పాత ఏర్పాటుకే తిరిగిపోతుంది. “తేడా కొడితే ఓసారి ఆపి ఆన్ చేస్తే చాలు, అసలేమీ జరగనట్టే” అనేవాడు. ఇంట్లోనూ అదే వరస. కొత్త ఫ్రిజ్ మీది ప్లాస్టిక్ కవరు పసుప్పచ్చబడిపోయినా తీయనివ్వలేదు.

“నన్ను తెచ్చుకుని ఇన్నేళ్లయింది. ఉంచుకుంటున్నట్టా, ఇంకా చూస్తున్నట్టా?” అనేది మా అక్క.

ఆ అక్కనే అదే ఆసుపత్రిలో, పై అంతస్తులో చేర్చాం. ఊపిరితిత్తులు. ఇక లాభం లేదని డాక్టరు చెప్పినప్పటి నుంచి బావ ఆ గదిలో అడుగుపెట్టలేదు. గుమ్మం దాకా వచ్చి, ఫ్లాస్కు నా చేతిలో పెట్టి, గబగబా మెట్లు దిగిపోయేవాడు.

“మీ బావ ఏడిరా?”

“కింద ఏదో పాడైందటక్కా.”

“నేనొచ్చాకే అన్నీ పాడవుతున్నాయా? ఒక్కసారి వచ్చి కూర్చోమనరా. భయంగా ఉంది.”

మండిపోతూ కిందికి వెళ్లాను. గదిలో బావ, ఆయన ముందు తెర మీద అక్క. తన కంప్యూటరు పోర్టును గుట్టుగా వార్డు కెమెరాల గుంపులో కలిపేసుకున్నాడు. సేవ్ మాత్రం చేయలేదు.

“ఇది తప్పు కదా బావా.”

“తప్పే.”

“పైకి రా. అడుగుతోంది.”

“ఇక్కణ్ణుంచి ఊపిరి తీసుకోవడం కూడా కనబడుతోంది బామ్మర్దీ. అక్కడ నా ముందే అది ఆగిపోతే నేనేం చేయను?”

ఒక్కణ్ణే మెట్లెక్కాను.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. వార్డులకు జనరేటరుంది. మెట్ల కింద గదిలో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. స్విచ్ ఆగి, మళ్లీ లేచి, అక్క గుంపులోంచి బావను తీసేసింది. తెర నల్లబడింది. ఊరందరికీ ఈ సంగతే విడమరిచి చెప్పే మనిషికి ఆ క్షణాన అది గుర్తుకే రాలేదు.

నేను అక్క పక్కనే ఉన్నాను. తలుపు ధడాలున తోసుకొచ్చి, మంచం కోళ్ల దగ్గర కూలబడి, బావ గొల్లుమన్నాడు. వార్డంతా పరుగెత్తుకొచ్చింది. నర్సు చేతిలోని ట్రే కింద పడింది.

అక్క మాస్కు పక్కకు జరిపింది. “నేనింకా పోలేదండీ. ఆ రెండో చెప్పేదీ?”

బావ తన కాళ్లు చూసుకున్నాడు. చుట్టూ చేరినవాళ్లను చూశాడు. మొహం జేవురించింది. “ఇప్పుడే వస్తా” అంటూ లేవబోయాడు. కిందికెళ్లి నాలుగు ముక్కలు టైపు చేస్తే చాలు, అక్క మళ్లీ తెర మీదికి వచ్చేస్తుంది.

అక్క ఆయన చొక్కా కొస పట్టుకుంది. పట్టులో బలమేమీ లేదు.

బావ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఫోను మోగితే తీయలేదు. పొద్దు వాలుతుండగా అక్క చెయ్యి చొక్కా మీంచి జారింది. బావ దాన్ని అందుకుని, నర్సు వచ్చి భుజం తట్టేదాకా పట్టుకునే ఉన్నాడు.

కిందికెళ్లి, బోర్లా పడున్న చెప్పు తెచ్చి ఆయన కాలి దగ్గర పెట్టాను. చాలాసేపటికి కాలు దూర్చాడు.

“స్విచ్ మళ్లీ మామూలుగానే ఉందా బామ్మర్దీ?”

“దీపాలన్నీ వెలుగుతున్నాయి బావా.”

“అంతే. అసలేమీ జరగనట్టే” అన్నాడు.