కళ్ళ గడిలో నీలం టిక్కు

బట్టల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ భూతద్దం అంటారు. కుట్టి వచ్చిన ప్రతి చొక్కానూ తిరగేసి మరగేసి చూసి, వేలాడే దారప్పోగులు కత్తిరించి, అప్పుడుగాని తన నంబరు చీటీ అంటించదు.

"నువ్వు చూసేలోపు ఆ ఫ్యాషనే మారిపోతుంది తల్లీ," అని సూపర్‌వైజర్ దెప్పుతాడు.

"చూడకుండా నా నంబరు వేస్తే రేపు తిట్లు తినేది నేనేగా సార్."

ఆమెకు ఏడో నెలలోనే కాన్పయింది. పాప బరువు కిలో మీద రెండొందల గ్రాములు. ఇరవై ఆరు రోజులు బిడ్డ గాజుపెట్టెలో, తల్లి పక్కనే స్టూలు మీద. ఆ రోజుల్లో ఆమెకు పుట్టిల్లంటే ఆ వార్డు నర్సే. తన డబ్బాలో అన్నం సగం పెట్టింది, చనుపాలు పిండి పాపకు పట్టడం నేర్పింది. "అక్కా" అన్న పిలుపు అలా మొదలైంది.

ఇంటికి పంపే రోజు అక్కే కార్డు చేతికిచ్చింది. బరువు, టీకాలు, చెవులు, కళ్ళు... ప్రతి గడిలోనూ నీలం టిక్కు. ఏ చొక్కానూ నమ్మని మనిషి ఆ కార్డును కళ్ళకద్దుకుని బీరువాలో పెట్టుకుంది.

పాపకు ఐదో నెల వచ్చాక అత్తగారు పట్టేసింది. "ఏమే, నా గొంతు వింటే నవ్వుతుంది, మొహం చూసి నవ్వదేం ఇది?"

"మీ మొహం చూసి మీ అబ్బాయే నవ్వడు అత్తయ్యా."

అనైతే అంది. తర్వాత ఎర్ర గుండీలు దారానికి గుచ్చి పాప కళ్ళ ముందు ఆడించింది. ఒకసారి. పదిసార్లు. పాప చూపు కదల్లేదు.

కంటి డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసింది. "నెలలు నిండని పిల్లలకి కంటి లోపలి రక్తనాళాలు సరిగ్గా పెరగవమ్మా. నాలుగో వారంలో చూసుంటే లేజరుతో ఆపేవాళ్ళం. ఇప్పుడు రెండు కళ్ళలోనూ లోపలి పొర ఊడిపోయింది. అప్పుడు చూపించలేదా?"

"చూశారండీ. కార్డులో ఉంది."

"ముందు కళ్ళలో చుక్కలు వేస్తారు. వేశారా?"

ఎవరూ వెయ్యలేదు. స్టూలు దిగని మనిషికి తెలీదా.

నేరుగా వార్డుకెళ్ళి కార్డు బల్ల మీద పెట్టింది. నర్సు చూసి, తలుపు దగ్గరగా వేసింది.

"కంటి డాక్టరు వచ్చేది గురువారం. నువ్వేమో మంగళవారమే పోతానని నా ప్రాణం తీశావు. ఆ గడి ఖాళీగా ఉంటే డిశ్చార్జి ఇవ్వరు. అందరికీ ముందే టిక్కు పెట్టేసి, మళ్ళీ రమ్మని నోటితో చెప్తాం. నీకు చెప్పడం మర్చిపోయానేమో."

"అన్నం పెట్టడం మర్చిపోలేదుగా అక్కా."

"నీ మంచి కోరే చేశానే."

ఒక్క నర్సును తిట్టి ఊరుకుంటే సరిపోదు. వారానికి ఒక్క పూట డాక్టరును పంపినవాళ్ళు, ఖాళీ గడిని ఒప్పుకోని కార్డు అచ్చేయించినవాళ్ళు ఏ తల్లికీ కనపడరు. కానీ అన్నం పెట్టిన చెయ్యే ఆ టిక్కూ పెట్టిందన్నది ఆమెకు మింగుడు పడలేదు.

గురువారం ఫ్యాక్టరీ మానేసి, పాపను ఒళ్ళో వేసుకుని వార్డు గుమ్మంలో కూర్చుంది. కార్డుతో బయటికొచ్చే ప్రతి తల్లినీ ఆపింది. "చుక్కలు వేశారా? నీ కళ్ళతో చూశావా?"

నర్సు పరుగున వచ్చింది. "నా ఉద్యోగం పోతుందే. లేవమ్మా."

"సిస్టర్," అంది ఆమె, మొదటిసారి. పక్కనున్న తల్లి చేతిలోని కార్డు తీసుకుని ముందుకు చాపింది. "ఈ బిడ్డకి వెయ్యలేదట. డాక్టరు ఇంకా లోపలే ఉన్నారు."