శిరీష సన్మాన సభ

ఈ రోజు సూర్యాపేటలో మా కాలేజీ పూర్వ విద్యార్థిని శిరీషకు సన్మానం చేశాం. పెన్‌పహాడ్ అమ్మాయి. కెన్యాలో ఉండే ఒక మహిళా ఇంజనీరు మెంటార్‌గా ఏడాదిపాటు వీడియో కాల్‌లో నేర్పితే, ఇప్పుడు ఓ సాఫ్ట్‌వేర్ టీమ్‌కు లీడ్ అయింది. ఆవిడ కూడా శిరీష ఫోన్ నుంచి వీడియో కాల్‌లో సభంతా చూశారు.

వేదిక మీదున్న పెద్దమనుషులు వరసపెట్టి ఆడపిల్లల ప్రగతి గురించి మాట్లాడారు. శిరీష నాన్న మాట్లాడారు, భర్త మాట్లాడారు. శాలువా కప్పాం, ఫోటోలు దిగాం, వందన సమర్పణ కూడా అయిపోయింది.

భోజనాల దగ్గర శిరీష నా పక్కన కూర్చుని నవ్వుతూ అంది: "'నువ్వెందుకు మాట్లాడలేదు' అని మా మెంటార్ నన్ను అడుగుతున్నరు మేడం."

"మరి ఏం చెప్పినవ్?" అన్నాను.

"'నేను మాట్లాడేటప్పుడే మీకు నెట్ పోయినట్టుంది' అని ఆమెకు చెప్పిన. మన కాలేజీ పరువు పోవద్దు గదా."

సభ నడిపింది నేనే. మైక్ మొదటి నుంచీ నా చేతిలోనే ఉంది. పైగా నేనూ ఆడదాన్నే.

మీకెప్పుడైనా సన్మానం జరిగిందా? మైక్ ఇచ్చారా, శాలువాతోనే సరిపెట్టారా?