అంజవ్వ తిన్న బిస్కెట్లు

దేవన్న అంటించిన స్టిక్కర్‌ను గోటితో పీకడం ఎవరి తరమూ కాదు. పొగడ్తకు చెప్పడం లేదు, పదకొండేళ్లుగా చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. రియాద్ దక్షిణం వైపు గోదాముల వరసలో మా కంపెనీది ఒకటి. బయటి దేశాల నుంచి తిండి సామాను కంటైనర్లలో వస్తుంది. ఇక్కడ అమ్మాలంటే ప్యాకెట్ మీద అరబ్బీలో వివరాలు ఉండాలి. ఆ అరబ్బీ స్టిక్కర్లు అంటించడం దేవన్న పని. అంటించిన సరుకును వ్యాన్‌లో దుకాణాలకు చేర్చడం నా పని. నా పేరు బాషా, మాది రాయచోటి. అతనిది మెట్‌పల్లి దగ్గర పల్లె. ఒకే గదిలో ఎదురెదురు మంచాలు మావి. అతని గురక గురించి రాయడం మొదలుపెడితే ఇంకో పుస్తకం అవుతుంది, కాబట్టి వదిలేస్తున్నాను.

దేవన్నకు అరబ్బీ రాదు, ఇంగ్లీషూ రాదు. నాకు చిన్నప్పుడు మసీదులో నేర్పిన పుణ్యాన అరబ్బీ అక్షరాలు చదవడం వచ్చు, అర్థం మాత్రం తెలియదు. మా ఇద్దరిలో ఎవరు పెద్ద పండితుడో మీరే తేల్చుకోండి. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా సూపర్వైజర్ స్టిక్కర్ వేసిన ఒక ప్యాకెట్‌ను నమూనాగా బల్ల మీద పెట్టి వెళ్తాడు. దాన్ని చూసి దేవన్న వెంట్రుకవాసి జరగకుండా, కింద గాలి బుడగ లేకుండా వేలకు వేలు అంటిస్తాడు. సెలవు రోజున దుకాణానికి వెళ్తే అరల మీంచి ప్యాకెట్ తీసి నా ముఖం ముందు పెట్టేవాడు.

"బాషా భాయ్, గిది నా చెయ్యే. సూడు, ఎట్ల కూసున్నదో!"

మూడేళ్ల కింద ఖర్జూరం బిస్కెట్లు రావడం మొదలైంది. ముందువైపు ఖర్జూరాల బొమ్మ, దాని పక్కన పెద్ద అక్షరాలతో ఏదో రాసి ఉంది. ఆఫీసులో లెక్కలు చూసే, ఇంగ్లీషూ అరబ్బీ వచ్చిన హైదరాబాదీ కాషిఫ్ ఒకరోజు అది చదివి చెప్పాడు. చక్కెర కలపలేదు అని ఉందట. ఆ మాట వినగానే దేవన్న ముఖం వెలిగిపోయింది. ఎందుకంటే ఊళ్లో అతని అక్క అంజవ్వకు షుగర్.

అంజవ్వ అతనికి అక్క మాత్రమే కాదు. దేవన్నకు నాలుగేళ్లప్పుడు తల్లి పోతే, పద్నాలుగేళ్ల అంజవ్వ బీడీలు చుట్టి పెంచింది. పెళ్లయి అదే ఊళ్లో కాపురం పెట్టాక కూడా తమ్ముణ్ని వదల్లేదు. అతను సౌదీ వచ్చిందీ ఆమె బీడీల పైసలతోనే. ఇప్పటికీ తెల్లవారగానే చేటలో తునికాకు ముందేసుకొని కూర్చుంటుంది. తీపి అంటే ప్రాణం. షుగర్ వచ్చిందని డాక్టర్ చెప్పిన రోజు, మనిషి పోయినట్టు ఏడ్చిందట.

కాబట్టి దేవన్న బిస్కెట్లు పంపడం మొదలుపెట్టాడు. అట్టపెట్టె నలిగిన సరుకును కంపెనీ మాకే ఇచ్చేస్తుంది. అందులోంచి ఖర్జూరం బిస్కెట్లు ఏరి దాచేవాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎవరు సెలవు మీద వెళ్తున్నా వాళ్ల బ్యాగులో పది ప్యాకెట్లు ఎక్కాల్సిందే. కిలోలు మించిపోతాయని వాళ్లు మొత్తుకుంటే వాళ్ల సబ్బులు తీసేయించిన ఘనుడు. నేను కూడా నవ్వేవాణ్ని, అబద్ధం చెప్పకూడదు. ఇంత ప్రేమ మా అన్న నా మీద చూపించి ఉంటే ఎంత బాగుండేదని కుళ్లుకునేవాణ్ని.

అంజవ్వ పొద్దున ఇన్సులిన్ సూది వేసుకొని, చక్కెర లేని చాయ్‌లో నాలుగు బిస్కెట్లు ముంచుకొని తిని, బీడీల ముందు కూర్చునేది. అన్నం మధ్యాహ్నానికే. సాయంత్రం మళ్లీ నాలుగు. తమ్ముడి కంపెనీ బిస్కెట్లు, చక్కెర లేనివి, భయమెందుకు?

అయినా షుగర్ దిగలేదు. మెట్‌పల్లి డాక్టర్ సూది మందు పది యూనిట్ల నుంచి పద్దెనిమిదికి, తర్వాత ఇరవై ఆరుకు పెంచాడు. కాలి మీద చిన్న పుండు లేచి నెలల తరబడి మానలేదు. నువ్వు చాటుగా తీపి తింటున్నావు అని డాక్టర్ ముఖం మీదే అన్నాడు. కోడలు భాగ్యలక్ష్మి చక్కెర డబ్బా తీసి అటక మీద పెట్టేసింది. పక్కవాళ్లు పెళ్లిలో ఆమె విస్తరి వైపు చూసి చూసి నవ్వారట. ఇవన్నీ దేవన్నకు ఫోన్‌లో చేరేవి. అతను స్పీకర్ పెట్టి మాట్లాడతాడు కాబట్టి నాకూ చేరేవి.

"నీ మీదొట్టు తమ్మీ, పిసరంత చక్కెర నోట్లెయ్యలే," అనేది ఆమె.

"అయితె షుగర్ ఎట్ల పెరుగుతున్నదే అక్కా? గాలి తాగితె పెరుగుతదా? జెర నోరు కట్టుకో. కాలు తీసేస్తె ఎవలు సూస్తరు నిన్ను?"

 ఆమె ఫోన్ పెట్టేసేది. దేవన్న నా వైపు తిరిగి, "అబద్ధాలు చెప్పుడు గూడ నేర్సింది," అనేవాడు. నేను తల ఊపేవాణ్ని. ఆ తల ఊపినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

పోయిన ఏడాది ఒక గురువారం మధ్యాహ్నం, మేం అన్నం తింటుండగా కాషిఫ్ ఫోన్ పట్టుకొని వచ్చాడు.

"దేవన్నా, నీ బిస్కెట్ ఫేమస్ అయిపోయింది. వేరే కంట్రీలో దాని మీద కోర్ట్ కేస్ నడిచింది. కొన్నవాళ్లందరి తరఫున ఒకటే కేస్, క్లాస్ యాక్షన్ అంటారు. ఇప్పుడు సెటిల్ అయింది. కొన్నవాళ్లకు కంపెనీ పైసలిస్తదంట, లేబుల్ మారుస్తదంట."

"ఎందుకట?" అన్నాడు దేవన్న, ముద్ద కలుపుతూనే.

"చక్కెర లేదని రాసి లోపల గ్లూకోజ్ పాకం పోశారు. చక్కెరకు తమ్ముడు అది. ఇంకా మజా సునో. పైసలిస్తాం గానీ తప్పు చేశామని ఒప్పుకోం అని కూడా రాశారు. లాయర్లు రా బాబూ!"

కాషిఫ్ ఒక్కడే నవ్వాడు. దేవన్న కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి లేచాడు. గోదాములోకి వెళ్లి ఒక ప్యాకెట్ తెచ్చాడు. వెనకవైపు తాను అంటించిన స్టిక్కర్‌ను గోటితో గీకాడు, రాలేదు. చాయ్ కెటిల్ ఆవిరి మీద పట్టాడు.  చివరికి స్టిక్కర్ మెత్తబడి ఊడింది. దాని కింద, ఇంగ్లీషులో, పదార్థాల జాబితా ఉంది. కాషిఫ్ వంగి చదివాడు. గోధుమ పిండి తర్వాత రెండో పేరే గ్లూకోజ్ పాకం. ఊడిన స్టిక్కర్ మీది అరబ్బీ జాబితాలో దాని ఊసే లేదని కూడా అతనే చూసి చెప్పాడు. ఈసారి నవ్వలేదు.

"నేనే అతికించిన," అన్నాడు దేవన్న. "సరిగ్గ దాని మీదనే."

"నమూనాలో అట్లనే ఉండింది గదప్పా, నీకెట్ల తెలుస్తాది?" అన్నాను. నా మాట అతని చెవిన పడలేదు.

అప్పటికప్పుడే అక్కకు ఫోన్ చేశాడు. అసలు సంగతి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. రెండేళ్లు తిట్టిన నోరు మరి. "గా బిస్కెట్లు మంచియి గావట అక్కా. ఒక్కటి గూడ ముట్టకు. ఇప్పుడే బర్రెకెయ్యి," అన్నాడు. ఆమె సరేనంది. తమ్ముడు చెప్పాక ఆమెకు ఇంకో మాట ఉండదు.

ఆ రాత్రి బరువు దిగినట్టు పడుకున్నాడు. మేం చేసిన పొరపాటు శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి బయటపడింది. కాషిఫ్‌ తల్లికి కూడా షుగరే. సెలవు కదా అని మా గదికి చాయ్‌కి వచ్చి, మాటల్లో మాటగా అడిగాడు.

"మరి సూది డోస్ తగ్గించారా?"

"డోస్ ఎందుకు తగ్గిస్తరు?" అన్నాడు దేవన్న.

కాషిఫ్ గ్లాసు కింద పెట్టాడు. "అరె, బిస్కెట్లు తింటుంటే పెంచిన డోస్ కదా ఆ ఇరవై ఆరు! ఇప్పుడు తీపి బంద్ చేసి అదే సూది వేసుకుంటే షుగర్ కింద పడిపోతది. మా అమ్మీ ఒకసారి అట్లనే బేహోష్ అయింది. జల్దీ ఫోన్ చెయ్, ఏదన్న తినమను!"

అప్పుడు ఊళ్లో పదిన్నర. పొద్దున్నే సూది వేసుకొని, ఉత్త చాయ్ తాగి, అన్నం తినకుండా అంజవ్వ బీడీల ముందు కూర్చునే వేళ దాటిపోయింది. దేవన్న ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు, మళ్లీ మోగింది. భాగ్యలక్ష్మి ఫోన్ స్విచాఫ్. శుక్రవారం ఆమె బీడీల కార్ఖానాకు వెళ్తుందని అప్పుడు గుర్తొచ్చింది. అంజవ్వ మొగుడు ఏనాడో పోయాడు, కొడుకు బొంబాయిలో ఉంటాడు. పక్కింటివాళ్ల నంబరు దేవన్న దగ్గర లేదు. ఎప్పుడు అవసరం పడింది గనక?

పన్నెండోసారో పదమూడోసారో మోగి ఆగిపోయాక దేవన్న నేల మీద కూలబడ్డాడు.  బండి వేసుకొని ఎక్కడికని వెళ్తాను? రియాద్‌లో నాకు తెలియని సందు లేదు. ఆ సందుల్లో ఒక్కటి కూడా ఆ ఊరికి పోదు.

"లింబాద్రి!" అని అరిచాడు దేవన్న ఒక్కసారిగా.

లింబాద్రి అదే ఊరివాడు, కువైట్ సరిహద్దు దగ్గర ఖఫ్జీలో మెయింటెనెన్స్ పనిలో ఉంటాడు. అతని భార్య పోచవ్వది అంజవ్వ ఇంటికి ఎదురిల్లు. మా గల్ఫ్‌వాళ్ల కబుర్లు ఇట్లాగే నడుస్తాయి. ఎదురింటి సంగతి తెలియాలంటే ఇంకో ఎడారి పట్టణం చుట్టి రావాలి. లింబాద్రి నిద్రమత్తులో ఎత్తాడు. దేవన్న మాటలు ముక్కలు ముక్కలుగా వస్తుంటే నేనే ఫోన్ లాక్కొని చెప్పాను.

"మీ ఇంటామెను అంజవ్వ ఇంటికి పరిగెత్తమను. చక్కెర నీళ్లు తాపియ్యమను. ఇప్పుడే పొమ్మను, సామీ!"

తర్వాత ఎదురుచూపు. దేవన్న గోడ వైపు తిరిగి, "నేనే సంపిన, నేనే సంపిన," అంటూ కూర్చున్నాడు. నాకూ అదే భయం. దువా చేద్దామని చేతులెత్తితే ఒక్క ముక్క గుర్తు రాలేదు. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చినవే, ఒక్కటీ రాలేదు. కాషిఫ్ గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఇరవై రెండు నిమిషాలు పట్టింది.

లింబాద్రి ఫోన్ చేసి ఒక్క గుక్కలో చెప్పాడు. పోచవ్వ వెళ్లేసరికి అంజవ్వ చేట పక్కన ఒరిగిపోయి ఉంది. చీర చెమటతో తడిసిపోయింది. పిలిస్తే మూలుగుతోంది గానీ మనిషిని గుర్తుపట్టడం లేదు. పోచవ్వ వంటింట్లో వెతికితే చక్కెర దొరకలేదు, డబ్బా అటక మీద ఉంది కదా. తన ఇంటికి ఉరికి చక్కెర తెచ్చి, నీళ్లలో కలిపి గుక్క గుక్కగా మింగించింది. ఊళ్లో డాక్టర్ వచ్చి గ్లూకోజ్ ఎక్కించాడు. ఇప్పుడు కళ్లు తెరిచింది. "ఇంకో అద్దగంటయితే దక్కకపోతుండె అన్నడట," అని లింబాద్రి ఫోన్ పెట్టేశాడు.

దేవన్న చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. కాషిఫ్ అతని వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. నేను గుసుల్ స్నానం చేసి జుమా నమాజుకు వెళ్లొచ్చాను, అప్పుడు దువా వచ్చింది.

మధ్యాహ్నం రెండింటికి అంజవ్వే ఫోన్ చేసింది. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. దేవన్న స్పీకర్ పెట్టాడు, అలవాటు కొద్దీ.

"తిన్నవా తమ్మీ?" అనడిగింది ముందు.

"అక్కా, గా బిస్కెట్లల్ల చక్కెర ఉండె. గ్లూకోజ్ పాకమట. దాని పేరు మీద నేనే స్టిక్కర్ అతికించిన. నాకు తెల్వలే. రెండేండ్ల సంది నేనే నీకు తినవెట్టిన." ఒక్కసారిగా అంతా కక్కేశాడు. తిడుతుందని కళ్లు మూసుకున్నాడు.



"అంటె నేను దొంగతనంగ తినలే గదా?" అంది అంజవ్వ.

"తినలే అక్కా. నువ్వు తినలే."

"నేను అబద్ధం చెప్పలే గదా?"

"చెప్పలే. తప్పు నాది."

"ఆగు," అంది. ఏదో నొక్కిన చప్పుడయింది. అవతల మనుషుల మాటలు వినపడ్డాయి. పోచవ్వ, భాగ్యలక్ష్మి, చూడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగు. "ఇప్పుడు అందరికి ఇనవడుతది. చెప్పు తమ్మీ."

దేవన్న నా వైపు చూశాడు. అంత పెద్ద బిస్కెట్ కంపెనీ లాయర్లను పెట్టి, సంతకాలు పెట్టి, తప్పు మాది అన్న ఒక్క మాట రాయకుండా బయటపడింది. దేవన్నకు లాయరు లేడు. లేచి నిలబడి, ఎదుట పెద్దమనుషులు ఉన్నట్టు ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మా అక్క చాటుకు తీపి తినలే. గా బిస్కెట్లు పంపింది నేను. తప్పు నాది, మా అక్కది గాదు. అబద్ధమాడింది అన్నది గూడ నేనే, నాకు బుద్ధి లేక."

 అంజవ్వ గొంతు వినిపించింది, ఇందాకటి కంటే గట్టిగా.

"ఇంకోసారి చెప్పు. కోడలు ఏడుస్తున్నది, సరిగ్గ ఇనలే."

దేవన్న ముక్కు తుడుచుకొని మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.