నంబరు ఆయనది

కామారెడ్డి స్టేషన్ బయట నేను తగలేసిన ఆ నలభై నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తెనాలిలో బట్టల కొట్ల మధ్య పెరిగినవాణ్ణి. చెప్పిన ధరకే ఏదైనా కొంటే ఆ పూట నాకు అన్నం సహించదు. 2011లో ఎల్లారెడ్డిలో మా చెల్లెలి కూతురి పెళ్లి. బావ వాళ్లు ఎప్పుడో అటు వెళ్లి, పొలాలు కొనుక్కుని స్థిరపడ్డారు. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకురావలసిన మేనమామని నేనొక్కణ్ణే. ముందురోజే రమ్మంటే, కొట్లో గిరాకీ ఉందని చివరి బండి పట్టుకున్నాను. కామారెడ్డిలో దిగేసరికి పొద్దున్న ఏడున్నర. ముహూర్తం తొమ్మిదీ నలభైకి. ఉద్యమం వల్ల ఆ రోజు బస్సులు బంద్. కారు మాట్లాడుకో అని చెల్లెలు ఫోన్లో ముందే చెప్పింది.

టాక్సీ అడ్డాలో మొదటి కారాయన నా సంచీ వైపు చూసి, "ఎల్లారెడ్డికా సార్? తొమ్మిది నూర్లు" అన్నాడు.

"అయిదొందలు."

"బంద్‌ల వచ్చేటప్పుడు ఖాళీగ రావాలె సార్. గిట్టదు."

సరేనని వెనక్కి తిరిగి నడిచాను. ఇది మా వీధి విద్య. గిరాకీ గడప దాటకముందే కొట్టువాడు కేకేస్తాడు, వెయ్యాలి. పది అడుగులు వేశాను. చెవులు వెనకే పెట్టుకుని ఇంకో పది వేశాను. ఎవరూ పిలవలేదు.

రెండో కారు దగ్గరికి వెళ్లి ఆరొందలన్నాను. "నంబర్ గాయనది సార్" అన్నాడతను, మొదటి కారు వైపు చూపిస్తూ. మూడో అతనూ అదే మాట. "నాకు నంబర్లెందుకయ్యా, కారు కావాలి" అన్నాను. ఏడొందలన్నా ఎవరూ కదల్లేదు. ఒళ్లు మండింది.

"అంతా కుమ్మక్కయి బయటివాళ్లని దోచుకుంటున్నారు!" అని అరిచాను.

బీడీ కాలుస్తున్న ముసలి డ్రైవరు లేచాడు. "కుమ్మక్కేంది సార్? ముందుగాల వచ్చినోనిదే మొదటి నంబర్. గాయన పొద్దుగాల నాలుగు గొట్టంగ వచ్చి బండి నిలవెట్టిండు. గాయన గిరాకీ మేమెట్ల కొట్టాలె? మీ దిక్కు కొడ్తరా?"

కొట్టం. పక్క కొట్టు మెట్ల మీదున్న మనిషిని మేం పిలవం. ఎవడైనా పిలిస్తే మా నాన్న వాడితో ఏడాది మాట్లాడేవాడు కాదు. మా వీధిలో మర్యాద అనుకున్నది ఇక్కడ నా కంటికి దోపిడీలా కనిపించింది. అది తెలిసీ వెంటనే తగ్గానా? లేదు. రోషంతో రోడ్డెక్కి, రాని జీపు కోసం ఇంకో పావుగంట నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి ఆ మొదటాయన అక్కడే ఉన్నాడు. "ఎంత?" అన్నాను. "తొమ్మిది నూర్లే సార్. కూసోండ్రి." ఒక్క రూపాయి పెంచలేదు. పెంచి ఉంటే తిట్టడానికి నాకో మనిషి దొరికేవాడు.

దారంతా గుంతలు. "జల్దీ పోనియ్" అని వచ్చీరాని వాళ్ల యాసలో తొందరపెట్టాను. "గాడ నిలవడ్డప్పుడు లేదా సార్ జల్దీ?" అన్నాడు, అద్దంలోకి కూడా చూడకుండా.

పందిరి ముందు దిగేసరికి బుట్ట ఖాళీగా గోడకి ఆనించి ఉంది. పిల్లని బావ పాలేరూ, ఎదురింటి మేస్త్రీ కలిసి మోశారట. పిల్ల తెర వెనక తలొంచుకుని కూర్చుంది, నావైపు చూడలేదు.

"బంద్ కదమ్మా..." అని మొదలుపెట్టాను.

చెల్లెలు అక్షింతల పళ్లెం చేతిలో పట్టుకునే నా ముఖంలోకి చూసింది. "ఎంత అడిగాడన్నయ్యా?"

"తొమ్మిది వందలు."

"ఎంతకి తెగింది?"

అబద్ధం చెబుదామనుకున్నాను. బయట ఆయన కారు తిప్పుకుంటున్నాడు.

"తొమ్మిది వందలే."

చెల్లెలు నవ్వుతుందనుకున్నాను. పళ్లెం నా చేతికివ్వకుండానే పక్కవాళ్లకి అందించి వెళ్లిపోయింది.